‘ఐరిష్’ అన్న మాటకు పుట్టిల్లు వెతకడం ఎలా

కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ దాకా, మళ్లీ వెనక్కి. రిటైరైన దగ్గర్నుంచి బీచ్ రోడ్డులో నా పొద్దుటి నడక ఇదే. మాతో నడిచేవాళ్లలో ఇంజినీరుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. ఆయనకు ఏ దేశం పేరు చెప్పినా అందులో సంస్కృతం వినిపిస్తుంది. మా మనవరాలు ఎమ్మెస్ చదవడానికి డబ్లిన్ వెళ్లిందని చెప్పిన రోజున, రాగి జావ గ్లాసు చేతిలో ఉండగానే అందుకున్నారు. “ఐర్లాండ్ అంటే ఏమనుకుంటున్నారు టీచరు గారూ? ఆర్యలాండ్! ఐరిష్‌వాళ్లంటే ఆర్యులే.”

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఈ మాట నేనే ఏళ్ల తరబడి క్లాసులో చెప్పాను. తెలుగు టీచర్ని, శబ్దాల సంగతి వచ్చినప్పుడల్లా మధ్యలో ఇలాంటివి రెండు విసిరితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినేవారు. ఎక్కడ చదివానో గుర్తు లేదు. ఒక్క పిల్లా “నిజమేనా టీచర్?” అని అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు. ఆయన నోట విన్నాక మాత్రం గుచ్చుకుంది. ఇంటికొచ్చి ఒక లాంగ్ నోట్‌బుక్ తీశాను.

ఆ తర్వాత రెండు వారాలు ఏం చేశానో రాస్తున్నాను. ఇదే దారిలో మీరు ఏ జాతి పేరైనా వెతుక్కోవచ్చు. నోట్‌బుక్, ఫోన్లో నెట్, చెవిని కాసేపు పక్కన పెట్టగల ఓపిక ఉంటే చాలు.

ముందు, చెవికి తాళం

ఐర్లాండ్‌ని వాళ్ల భాషలో ఏర అంటారు. ఇది వినగానే మా పక్క ఫ్లాటావిడ “ఏరులు ఎక్కువ కాబోలు” అంది. ఇంగ్లీషులో కోపానికి ఐర్ అన్న మాట ఉంది, కాబట్టి ఐర్లాండ్ అంటే కోపిష్టుల దేశం అనేవాళ్లూ ఉన్నారు. ఇంజినీరు గారిది ఆర్య. మూడూ ఒకే రకం పని: వినడానికి దగ్గరగా ఉన్నాయని చుట్టరికం కలిపేయడం. ఆ కోపం మాట లాటిన్ నుంచి వచ్చింది, దేశం పేరుతో దానికి సంబంధం లేదు. మన ఏరు ద్రావిడ పదం, దాని దారి దానిది.

ఆర్య సంగతి అంత తేలిగ్గా కొట్టేయలేం, దానికి కొంచెం పరువు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో స్విట్జర్లాండ్ పండితుడు అడాల్ఫ్ పిక్టే లాంటివాళ్లే ఐర్లాండ్ పేరుని ఆర్య శబ్దంతో ముడిపెట్టారు. ఇరాన్ విషయంలో అది నిజం కూడా. ఇరాన్ అంటే ఆర్యుల నేల అనే. ఐర్లాండ్ దగ్గరే లెక్క తప్పింది. ఎందుకు తప్పిందో కాసేపట్లో మీకే కనిపిస్తుంది.

ఇలాంటి పొరపాటు మనకు మాత్రం కొత్తా? కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం, ఈ మూడు లింగాల మధ్య నేల త్రిలింగం, అదే తెలుగు అయిందని మనం చిన్నప్పుడు చదువుకోలేదూ! అర్థం మరిచిపోయిన పేరుకి తర్వాతివాళ్లు అందమైన అర్థం అల్లుతారు. వెతికేవాళ్లు మొదట అనుమానించాల్సింది అందంగా అతికిన అర్థాన్నే.

ఎవరు పిలిచిన పేరు?

నోట్‌బుక్‌లో పేజీని మూడు నిలువు గడులుగా విడదీశాను. వాళ్లు తమని తాము ఏమనుకున్నారు, ఇరుగుపొరుగు ఏమన్నారు, దూరం నుంచి చూసినవాళ్లు ఏమని రాసుకున్నారు. ఈ పని మానేస్తే అంతా గజిబిజి అయిపోతుంది. మన సంగతే చూడండి. పాత తమిళులు మనల్ని వడుగర్ అన్నారు, ఉత్తరాదివాళ్లని. ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో తెలుగు భాష పేరు జెంటూ. అది పోర్చుగీసువాళ్లు క్రైస్తవులు కానివాళ్లను పిలిచిన మాట నుంచి వచ్చింది. వడుగర్, జెంటూ అన్న మాటల్ని పట్టుకుని ఎవరైనా ‘తెలుగు’ అన్న మాటకి మూలం వెతికితే ఎక్కడ తేలుతారు?

నా మూడో గడి ముందు నిండింది. గ్రీకులు ఆ దీవిని ఇయెర్నె అన్నారు. క్రీస్తు శకం రెండో శతాబ్దపు టోలెమీ భూగోళ గ్రంథంలో అది యువెర్నియా. నైరుతి మూల ఇవెర్ని అనే తెగ ఉందని కూడా రాశాడు. మన కృష్ణా తీరాన్ని మైసోలియా అని రాసింది ఈ టోలెమీయే. ఇదేదో పాత స్నేహితుడు ఎదురుపడ్డట్టు అనిపించి కాసేపు అక్కడే ఆగిపోయాను. ఇటు మచిలీపట్నం వైపు, అటు అట్లాంటిక్ అంచు, రెండూ ఒకే పుస్తకంలో.

రోమన్లది హైబెర్నియా. సీజర్ కూడా ఈ పేరే వాడాడు. లాటిన్‌లో హైబెర్నస్ అంటే శీతకాలపు అని అర్థం. ఆ దీవిని రోమన్లు ఎప్పుడూ జయించలేదు, దూరాన్నుంచి ‘చలి దేశం’ అని ఊహించుకున్నారు. విన్న పేరుని తమకు తెలిసిన మాటలోకి లాక్కున్నారు. అంటే మన ఇంజినీరు గారి పని రెండు వేల ఏళ్ల కిందటే లాటిన్‌లో జరిగిపోయింది.

ఇరుగుపొరుగు గడిలో వేల్స్‌వాళ్లది ఇవెర్దోన్, పాత ఇంగ్లీషువాళ్లు ఆ జనాన్ని పిలిచిన పేరు ఈరస్, నార్వే వైపు ఓడలవాళ్లు అన్నది ఈరార్. సొంత గడిలో ఏరియు. అది ప్రాచీన ఐరిష్ రూపం, ఇవాళ్టి ఏర దాని కూతురు.

ఇక్కడొక చిన్న హెచ్చరిక. పాటల్లో, ఆడపిల్లల పేర్లలో కనిపించే ఎరిన్ వేరే పేరేమీ కాదు. అదే మాటకి విభక్తి చేరినప్పటి రూపం. మన ‘ఇల్లు’ విభక్తి ముందు ‘ఇంటి’ అవుతుంది కదా, విదేశీయుడు ‘ఇంటికి’ విని అసలు మాట ఇంటి అనుకున్నట్టు. కాబట్టి పాత మాట దొరికితే అది ఏ విభక్తిలో ఉందో చూసుకోండి. ప్రాచీన ఐరిష్‌కి రాయల్ ఐరిష్ అకాడమీవారి నిఘంటువు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు, అయినా ఒక్కో మాటకి ఇచ్చిన రూపాలు వరసగా చూసుకుంటూ పోతే దారి దొరికింది.

వెనక్కి నడవడం

ఇప్పుడు ఐరిష్ అన్న మాటని పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాలి. రెండు మెట్లు ఒకేసారి దూకకూడదు.

మొదటి మెట్టు ఇంగ్లీషులోనే ఉంది. ‘ఇష్’ అన్నది తోక, ఇంగ్లిష్, స్పానిష్‌లో ఉన్నదే. మిగిలింది ఐర్. కానీ ఇంగ్లీషులో ‘ఐ’ అని పలికే చాలా మాటలు ఒకప్పుడు ‘ఈ’ అని పలికినవి. ఐస్ ఒకప్పుడు ఈస్, వైఫ్ ఒకప్పుడు వీఫ్. పదిహేనో శతాబ్దం నుంచి రెండు మూడు వందల ఏళ్లలో ఆ అచ్చులు జరిగిపోయాయి. ఐరిష్ కూడా అంతకుముందు ఈరిష్, నేల ఈరలాండ్.

ఇక్కడే నా నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఆర్య అని మా ఇద్దరి చెవులూ పట్టుకున్నది ఈ ‘ఐ’నే. అది కొన్ని వందల ఏళ్ల కింద ఇంగ్లండులో పుట్టిన పలుకుబడి. దాన్ని పట్టుకుని వేల ఏళ్ల కిందటి చుట్టరికం చెప్పడమంటే, కొత్తగా వేసిన రంగు చూసి ఇల్లు ఎవరు కట్టారో చెప్పడమే.

రెండో మెట్టు ఈరస్ నుంచి ఏరియు. మూడో మెట్టు, రాతలో దొరికే అన్నిటికంటే పాత రూపాలు: ఇయెర్నె, యువెర్నియా, ఇవెర్ని. ఈ మెట్టు దగ్గర పక్కింటివాళ్లు పనికొచ్చారు. ఏరియులో మధ్యన ‘వ’ లేదు, టోలెమీ దగ్గర ఉంది. ఎవరిది పాతది? వేల్స్‌వాళ్ల ఇవెర్దోన్ చూడండి, అందులోనూ ‘వ’ ఉంది. ఇంటివాళ్లు పారేసుకున్న అక్షరాన్ని పొరుగువాళ్లు దాచిపెట్టారు. అంటే అసలు రూపం ఈవెర్ అన్నట్టుగా ఉండాలి.

ఆ తర్వాత రాత లేదు. పుస్తకాల్లో ఇక్కణ్నుంచి మాట ముందు చిన్న నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. ‘ఇది ఏ శాసనంలోనూ దొరికింది కాదు, లెక్క కట్టి చెప్పింది’ అని దానర్థం. నక్షత్రాన్ని చూడకుండా ముందుకు పోకండి. నెట్‌లో సగం గొడవలు దాన్ని చూడకపోవడం వల్లే.

పోయిన ‘ప’

ఇక్కడే అసలు రుచి ఉంది, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను.

తెలుగు పాలు కన్నడంలో హాలు. మన పులి వాళ్ల హులి. పువ్వు హూవు. ఆఖరికి మన ‘పేరు’ కూడా వాళ్లకు హెసరు. పాత కన్నడ శాసనాల్లో అది పెసర్ అనే ఉంటుంది. ఒక్క మాట కాదు, గుంపంతా ఒకే రకంగా మారింది. మొదట్లో ఉన్న ‘ప’ మెత్తబడి ‘హ’ అయింది. భాషలో మార్పు ఇలా వరసగా వస్తుంది, మాట మాటకీ ఇష్టం వచ్చినట్టు రాదు.

ఐరిష్ పుట్టిన కెల్టిక్ భాషల కుటుంబం ఇంకో అడుగు వేసింది. కన్నడం ‘హ’ దగ్గర ఆగితే, వాళ్లు ఆ ఊపిరి కూడా వదిలేశారు. సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాటెర్, ప్రాచీన ఐరిష్‌లో అథిర్. చేప లాటిన్‌లో పిస్కిస్, ఐరిష్‌లో ఇయస్క్. సంస్కృతంలో పూర్ణ, ఐరిష్‌లో లాన్. ప్రతిచోటా ముందున్న ‘ప’ మాయం. ఒక్క జత చూసి నమ్మకండి, కనీసం మూడు జతలు దొరికితేనే దాన్ని సూత్రం అనండి.

అయితే ఈవెర్ ముందు కూడా ఒక ‘ప’ ఉండి పోయి ఉండవచ్చు కదా? పెట్టి చూడండి. పీవెర్.

ఆ మాట కాగితం మీద రాసుకున్న క్షణంలో మా తాతగారి గొంతు వినిపించింది. సాయంత్రం దీపం పెట్టాక అరుగు మీద కూర్చోబెట్టి అమరకోశం వల్లె వేయించేవారు. “పీనపీవ్నీ తు స్థూలపీవరే.” పీన, పీవ, స్థూల, పీవర, అన్నిటికీ ఒకటే అర్థం, బలిసినది, లావైనది. స్త్రీలింగంలో పీవరి. ప్రబంధ వర్ణనల్లో ఈ పీవర శబ్దం వచ్చినప్పుడల్లా క్లాసులో గబగబా తర్వాతి పాదంలోకి దాటేసేదాన్ని. ఎందుకో తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను దాటేసిన మాటే ఐర్లాండ్‌కి తోబుట్టువు.

గ్రీకులో పియెయిరా, అంటే కొవ్వు పట్టిన, సారవంతమైన అని. నేలకి కూడా ఆ మాట వాడారు. ఈ ముగ్గుర్నీ పక్కపక్కన నిలబెడితే ఐర్లాండ్ పేరుకి అర్థం తేలుతుంది. ఒళ్లు చేసిన నేల, పుష్టిగల నేల. మన రైతులు ‘భూమి బలంగా ఉంది’ అంటారే, అదే. భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకునే వ్యుత్పత్తి ఇదే. ఐరిష్‌వాళ్లు అంటే ఆ బలమైన నేల మనుషులు. ఆర్య పొసగకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆర్యలో ఆ ‘వ’ ఏదీ?

పేరు ముందు, తాత తర్వాత

సొంత గడిలో ఇంకో పేరు మిగిలింది: గోయిడెల్, ఇవాళ్టి రూపం గేల్. భాష పేరు గేల్గె కూడా దాన్నుంచే. తమాషా ఏమిటంటే ఈ ‘సొంత’ పేరు అరువు తెచ్చుకున్నది. వేల్స్ వైపువాళ్లు వీళ్లని అడివి మనుషులు అన్న అర్థంలో పిలిచిన మాటని వీళ్లే తీసుకుని తమ పేరు చేసుకున్నారు. వేల్స్ భాషలో ఐరిష్‌వాణ్ని ఇప్పటికీ గ్విదెల్ అనే అంటారు. నా గడుల పద్ధతి ఇక్కడ కాస్త బీటలు వారింది, నిజమే. గడి మారిన పేరుకి బాణం గుర్తు వేసుకోండి.

తర్వాత మధ్యయుగపు పండితులు ఆ పేరుకి ఒక మూలపురుషుణ్ని సృష్టించారు, గోయిడెల్ గ్లాస్ అని. లాటిన్‌వాళ్లు ఐరిష్‌వాళ్లని స్కోటి అన్నందుకు స్కోటా అనే ఈజిప్టు రాజు ఫారో కూతురు కథలోకి వచ్చింది. ఏరియు, బన్బా, ఫోద్లా అని ముగ్గురు దేవతలు, దీవికి తమ పేరే పెట్టమని కొత్తగా వచ్చినవాళ్లని ఒక్కొక్కరే అడిగారట. ఏరియు పేరు నిలిచింది. పదకొండో శతాబ్దంలో కూర్చిన దండయాత్రల గ్రంథంలో ఉన్నాయి ఇవన్నీ. మన స్థలపురాణాలు విన్నవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. వాటిని పారేయకండి, ఒక సమాజం తన పేరుని ఎలా చూసుకుందో అవి చెబుతాయి. మాట పుట్టుకకి మాత్రం సాక్ష్యంగా పెట్టకండి.

స్కోటి అన్నాను కదా, దాన్ని తొందరగా దాటేస్తాను. స్కోటియా అంటే మొదట ఐర్లాండే. అక్కడి జనం సముద్రం దాటి స్కాట్లాండ్ పడమటి తీరంలో స్థిరపడ్డారు, పేరు వాళ్ల వెంట పోయింది, మెల్లిగా అక్కడే ఉండిపోయింది. మన ఇంటిపేర్లలో ఊళ్లుంటాయి, ఆ ఊరు మొహం చూసినవాళ్లు ఇంట్లో ఉండరు, అలాగే. తొమ్మిదో శతాబ్దపు తత్వవేత్త జాన్ స్కోటస్ ఎరియుజెనా పేరులో ఐర్లాండ్ రెండుసార్లు ఉంది. స్కోటస్ అంటే ఐరిష్‌వాడు, ఎరియుజెనా అంటే ఐర్లాండ్‌లో పుట్టినవాడు.

నాకు బాగా నచ్చింది పదిహేడో శతాబ్దం. అప్పటికి ఆ దీవిలో గేల్‌లు ఉన్నారు, వందల ఏళ్ల కింద వచ్చి స్థిరపడిన నార్మన్ల సంతతి ఉంది. వచ్చినవాళ్లని గాల్ అనేవారు, పరాయివాళ్లని. డోనెగాల్ అన్న ఊరి పేరుకి పరాయివాళ్ల కోట అని అర్థం. జెఫ్రీ కీటింగ్ అనే మతాచార్యుడు 1634 ప్రాంతంలో ఐరిష్ భాషలో ఆ దేశ చరిత్ర రాశాడు. ఆయనా నార్మన్ సంతతే. గేల్‌లనీ, తనలాంటి పాత వలసవాళ్లనీ కలిపి ఏరన్నఖ్ అన్నాడు. అంటే ఏర మనిషి. వంశాన్ని అడగని పేరు, నేలని బట్టి వచ్చిన పేరు. మా అపార్ట్‌మెంటులో నేవీ వాళ్లు, స్టీల్‌ప్లాంట్ వాళ్లు, ఒడియా, బెంగాలీ, మళయాళీ కుటుంబాలున్నాయి. పిల్లల్ని మీదే ఊరంటే అందరూ “వైజాగ్” అంటారు. అలాంటి మాటన్నమాట.

ఇప్పుడు నోటితో ఏమనాలి?

మనవరాలికి ఇదంతా వీడియో కాల్‌లో చెబితే, “అమ్మమ్మా, అదంతా సరే, వీళ్లని ఏమని పిలవాలో చెప్పు” అంది. వెళ్లిన కొత్తల్లో ఇంటావిడతో మాటల్లో ‘మీ బ్రిటిష్‌వాళ్లు’ అనేసిందట. ఆవిడ ఏమీ అనలేదు గానీ టీ పోయడం ఆపేసిందట.

కాబట్టి వెళ్లేవాళ్ల కోసం. ఐరిష్ అనండి, బ్రిటిష్ అనకండి. 1937 రాజ్యాంగం ప్రకారం దేశం పేరు ఏర, ఇంగ్లీషులో ఐర్లాండ్. భాషని ఇంగ్లీషులో ఐరిష్ అనే అంటారు. ఉత్తి గేలిక్ అంటే అక్కడ చాలామందికి ముందు ఫుట్‌బాల్ ఆట గుర్తొస్తుంది. ఉత్తర ఐర్లాండ్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉంది. అక్కడివాళ్లు ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు, 1998 శాంతి ఒప్పందం ఆ హక్కు ఇచ్చింది. అక్కడ మీరు పేరు పెట్టకండి, వాళ్లు చెప్పేదాకా ఆగండి. మన వి.వి.గిరి గారు 1913లో డబ్లిన్ వెళ్లి లా చదివి 1916లో తిరిగొచ్చారు. బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఏడాది అది. ఆ తేడా ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

దొరికింది ఎలా చెప్పాలి

ఈ భాగం రాయాలనుకోలేదు, అవసరం వచ్చింది. మర్నాడు నడకలో ఇంజినీరు గారికి నోట్‌బుక్ చూపించాను. పీవరి అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. జావ అమ్మే ఆవిడ “ఏటి టీచరమ్మా, పొద్దున్నే ఏ ఊరి తగువు?” అని నవ్వింది. తొమ్మిది గంటలకల్లా వాట్సాప్ గ్రూపులో ఆయన మెసేజ్ వచ్చింది: ‘ఐర్లాండ్ అసలు పేరు పీవర దేశం. సంస్కృతం నుంచే పుట్టిందని రుజువైంది.’ కింద నాకు కృతజ్ఞతలు కూడా.

రెండు వారాల కష్టం ఒక్క ‘నుంచే’ దగ్గర మునిగిపోయింది. వ్యుత్పత్తి చెప్పేటప్పుడు అందరూ జారేది ఇక్కడే. సంస్కృత పీవరి ఐరిష్ ఏరియుకి తల్లి కాదు. ఇద్దరికీ తల్లి ఒకావిడ ఉంది, ఆవిడ పేరు ముందే నక్షత్రం ఉంటుంది. ఒక కూతురు ఇటు వచ్చింది, ఇంకో కూతురు అటు పోయింది, ‘ప’ దారిలో జారిపోయింది. ‘నుంచి వచ్చింది’ అనాలో ‘తోబుట్టువు’ అనాలో తేల్చుకున్నాకే సెండ్ నొక్కండి.

గ్రూపులో ఇలా పెట్టాను: ‘సార్, పీవరి వాళ్లమ్మ కాదు, అక్కచెల్లెలు. దయచేసి సరిచేయగలరు.’ రెండు నీలం టిక్కులు వచ్చాయి. కాసేపటికి ఆయన మెసేజ్: ‘అయితే మనకు పిన్ని వరసన్నమాట!’